కరకంబాడి గేటు బయట బ్యాటరీ పని

తిరుపతిలో బ్యాటరీ ఉద్యోగం అనగానే కుర్రాళ్ల కళ్ల ముందు మెదిలేది కరకంబాడి. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్రనాయుడు కరకంబాడిలో ఫ్యాక్టరీ ఉన్న అమర రాజా బ్యాటరీల కంపెనీని 1985లో పెట్టారు. 2000లో అమరాన్ పేరుతో కార్ల బ్యాటరీలు వచ్చాయి, ఆ తర్వాత చిత్తూరు వైపు నూనెగుండ్లపల్లిలో మరో ఫ్యాక్టరీ లేచింది. అక్కడ ఉద్యోగం వస్తే వదులుకోమని చెప్పను. కానీ తయారైన బ్యాటరీ గేటు దాటాక దానికి నాలుగైదేళ్లు ప్రాణం నిలబెట్టేవాళ్లు కూడా కావాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలు ఆ వైపు పెద్దగా చూడరు.

చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చిన టెంపో ట్రావెలర్ రాత్రి లాడ్జి ముందు ఆగుతుంది. లోపల లైట్లు, టీవీ, ఫోన్ చార్జర్లు నడుస్తూనే ఉంటాయి. పొద్దున దర్శనానికి బయల్దేరదామంటే సెల్ఫ్ తీసుకోదు. షాపువాడు కొత్త బ్యాటరీ అమ్ముతాడు. రెండు వారాలకు మళ్లీ అదే కథ. బ్యాటరీ అమ్మడం ఎవరికైనా వస్తుంది. తప్పు బ్యాటరీదా, చార్జింగ్‌దా అని తేల్చడమే అసలు విద్య.

దానికి మల్టీమీటర్ చాలు. ఇంజన్ ఆపి కొన్ని గంటలు వదిలేసిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 దాకా చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. ఇంజన్ స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్యకు ఎక్కాలి. ఎక్కలేదంటే చూడాల్సింది ఆల్టర్నేటర్‌నీ బెల్టునీ వైరింగునీ (మన షెడ్లలో ఆల్టర్నేటర్‌ను ఇప్పటికీ డైనమో అనే అంటారు). ఎక్కినా పొద్దునకు డౌన్ అవుతోందంటే తాళం తీసేశాక కూడా కరెంటు లాగుతున్నదేదో వెతకాలి. జీపీఎస్ ట్రాకర్లు, తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమ్‌లు మామూలు దొంగలు.

ఇదే పనికి పై మెట్టు కారవాన్. మనకు సినిమా షూటింగుల దగ్గర కనిపించే బండే. కేరళ 2021లో కారవాన్ టూరిజానికి విధానం తెచ్చాక ఇంటిల్లిపాదీ పడుకుని తిరిగే బండ్ల మాట దక్షిణాదిలో గట్టిగానే వినిపిస్తోంది. ఇందులో ఇంజన్‌కు ఒక బ్యాటరీ, లోపలి ఫ్రిజ్‌కు, ఫ్యాన్లకు వేరే బ్యాటరీ. ఈ రెండోది నింపడంలోనే చాలామంది తడబడతారు. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉన్నది 1,200 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చేది 600. 50 వాట్ల ఫ్రిజ్ రోజులో సగం సేపు తిరిగితే ఆ 600 ఒక్క రోజులో హరీ.

బండి నడుస్తుంటే ఎక్కదా అంటారు. ముందున్న ఆల్టర్నేటర్ నుంచి వెనకున్న బ్యాటరీకి ఐదు మీటర్లనుకుందాం, రానూపోనూ పది మీటర్ల వైరు. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 30 ఆంపియర్లు పోతే దాదాపు 0.9 వోల్టు దారిలోనే కరిగిపోతుంది. 14.2 వోల్టులు బయల్దేరితే 13.3 చేరుతుంది. అలా బెంగళూరు దాకా నడిపినా బ్యాటరీ పూర్తిగా నిండదు. అందుకే లావు వైరు, తగ్గిన వోల్టేజిని మళ్లీ పెంచి బ్యాటరీకిచ్చే డీసీ-టు-డీసీ చార్జర్ వేస్తారు. లిథియం బ్యాటరీ అయితే చార్జర్‌లో దానికి తగిన సెట్టింగ్ ఉండి తీరాలి. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించగలిగినవాణ్ని ఏ షెడ్డు యజమానీ ఊరికే వదలడు.

ఇంటి దగ్గర నిలిపేసిన బండి కథ వేరు. మామిడి సీజన్ అయ్యాక షెడ్డులో పెట్టిన ట్రాక్టరైనా, నెలల తరబడి కదలని కారవానైనా, ఖాళీగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్లీ చార్జ్ ఎక్కనివ్వదు. మన ఎండలకు ఈ అరుగుదల మరీ వేగం. సాధారణంగా పది డిగ్రీల వేడి పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క. ఫ్లోట్ చార్జర్ పెట్టడం, డిస్టిల్డ్ వాటర్ చూడటం, హైడ్రోమీటర్‌తో సాంద్రత రాసుకోవడం, ఇలా ఇళ్ల ఇన్వర్టర్లను కూడా కలుపుకుని నెలవారీ సర్వీసు ఒప్పందాలు చేసుకుంటే అద్దె షాపు లేకుండానే మొదలుపెట్టొచ్చు.

2022 సెప్టెంబరులో తిరుమల కొండకు ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. రెండో ఘాట్ రోడ్డులో ఎక్కేటప్పుడు బ్యాటరీని తోడేసే ఈ బస్సు, మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు బ్రేకుల ద్వారా కొంత తిరిగి నింపుకుంటుంది. రోడ్డు మీద చార్జింగ్ అంటే ఏమిటో చూడటానికి ఇంతకన్నా మంచి చోటు ఇంజనీరింగ్ కాలేజీలో కూడా దొరకదేమో. అయితే ఇవి వందల వోల్టుల బండ్లు. నారింజ రంగు కేబుల్ కనిపిస్తే, శిక్షణ లేకుండా చెయ్యి పెట్టకండి.

దారి ఎలా అంటారా? పది పాసైతే ఐటీఐలో ఎలక్ట్రీషియన్, మెకానిక్ మోటార్ వెహికిల్, మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికిల్ ట్రేడులు రెండేళ్లవి. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా, తర్వాత ఈసెట్‌తో నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. నా సలహా అడిగితే ఎలక్ట్రీషియన్‌కే ఓటు. బండి పని షెడ్డులో అబ్బుతుంది, కరెంటు లెక్క మాత్రం కూర్చుని నేర్చుకోవాలి. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ వదలొద్దు, స్టైపెండ్ తక్కువని మొహం చాటేయొద్దు. వారం రోజుల్లో ఈవీ నిపుణుణ్ని చేస్తామనే ప్రైవేటు కోర్సులో చేరే ముందు ఒక్క ప్రశ్న అడగండి: మీటరు నా చేతికిస్తారా, స్లైడులే చూపిస్తారా?

చివరగా, పనిలో పాటించాల్సిన జాగ్రత్తలు. చార్జింగ్‌లో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. గది గాలాడాలి, దగ్గర నిప్పు ఉండకూడదు. వేలి ఉంగరం తీసేయాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. పాత బ్యాటరీలను పగలగొట్టి సీసం కరిగించే పనికి ఎవరు పిలిచినా వెళ్లకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అవి నమోదైన రీసైక్లర్లకే చేరాలి, పైగా ఆ పొగ ముందు ఎక్కేది మీ ఒంట్లోకే.