వెనక్కి తీసుకోలేని పాయింట్లు

చదరంగంలో ముట్టుకున్న పావును కదపాల్సిందే. పేకాటలో కింద వేసిన ముక్కను తిరిగి చేతిలోకి తీసుకోనివ్వరు. ఈ నియమాలు మరీ కఠినమని ఎవరూ గొడవ పెట్టుకోరు. ఆ ఆట మహా అయితే కొన్ని గంటల్లో అయిపోతుంది. ఓడిపోతే పావులు మళ్ళీ పేర్చుకుని ఇంకో ఆట ఆడుకోవచ్చు. మరి అదే నియమాన్ని వంద గంటలు సాగే కంప్యూటర్ ఆటలో పెడితే? ఆట ఇంకా బోధపడక ముందే, మూడో గంటలో చేసిన ఎంపిక ఎనభయ్యో గంటలో మెడకు చుట్టుకుంటే?

రోల్ ప్లేయింగ్ గేములు ఆడేవాళ్ళకి ఈ సమస్య బాగా తెలుసు. వీటిలో మన పాత్ర ఒక్కో లెవెల్ ఎక్కేకొద్దీ కొన్ని పాయింట్లు వస్తాయి. వాటిని ఏ విద్య మీద ఖర్చు పెట్టాలో ఆటగాడే తేల్చుకోవాలి. అలా ఖర్చు పెట్టిన పాయింట్లను వెనక్కి తీసుకుని మళ్ళీ పంచుకోవడాన్ని గేమర్ల భాషలో 'రీస్పెక్' అంటారు. దీన్ని అనుమతించాలా, అనుమతిస్తే ఎంత ధరకి అన్న విషయం మీద గేమ్ డిజైనర్లు ఏళ్ళ తరబడి తర్జనభర్జన పడుతున్నారు. గేములు ఆడని పాఠకులు ఇక్కడితో ఆపేయనక్కర్లేదు. యూజర్ చేసిన పనిని ఎంతవరకు వెనక్కి తీసుకోనివ్వాలి అన్న ప్రశ్న మనం రాసే ప్రతి అప్లికేషన్‌లోనూ ఉంటుంది.

డయాబ్లో 2 కథ

ఈ విషయానికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ బ్లిజార్డ్ సంస్థ 2000 జూన్‌లో విడుదల చేసిన డయాబ్లో 2. అందులో ప్రతి పాత్రకీ 30 విద్యలు. లెవెల్ ఎక్కినప్పుడల్లా ఒక్క స్కిల్ పాయింటు వస్తుంది. 99వ లెవెల్ దాకా వెళ్ళి, ఆటలో అప్పగించిన పనులన్నీ పూర్తి చేస్తే మొత్తం 110 పాయింట్లు. ఒక్కో విద్యలో 20 పాయింట్ల దాకా పెట్టవచ్చు. అంటే అన్నీ నేర్చుకోవడం కుదరదు, కొన్ని వదులుకోవాల్సిందే. పెట్టిన పాయింటు మాత్రం మళ్ళీ వెనక్కి రాదు.

దీని వెనక ఉన్న ఆలోచనలో బలముంది. వెనక్కి తీసుకోలేం కాబట్టే ఎంపికకు విలువ. నిప్పు విద్య నేర్చిన మాంత్రికురాలు, మంచు విద్య నేర్చిన మాంత్రికురాలు నిజంగానే ఇద్దరు వేర్వేరు మనుషుల్లా అనిపిస్తారు. కొత్త విద్య చూడాలనుకుంటే మొదటి నుంచి ఇంకో పాత్రను పెంచాలి. ఆట ఆయుష్షు కూడా పెరుగుతుంది.

అయితే ఆటగాళ్ళు డిజైనర్లు అనుకున్నట్టు నడుచుకోలేదు. మంచి విద్యలు 30వ లెవెల్‌లో గాని తెరుచుకోవని తెలిశాక, చాలామంది అప్పటిదాకా పాయింట్లు ఖర్చు పెట్టకుండా దాచుకోవడం మొదలుపెట్టారు. ఎదుగుతున్నకొద్దీ కొత్త విద్యలతో ఆడుకోవాల్సిన ఆట, పొదుపు చేసుకుంటూ ఈడ్చే ఆటగా మారింది. మిగిలినవాళ్ళు ఎవరో రాసిపెట్టిన గైడ్ పక్కన పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా పాటించారు. తప్పు చేస్తే దిద్దుకునే వీలు లేనప్పుడు మనిషి ప్రయోగం చేయడు. అందరూ నడిచిన దారిలోనే నడుస్తాడు. ఎంపికకు విలువ పెంచాలని పెట్టిన నియమం చివరికి ఎంపికనే ఆటగాడి చేతిలోంచి తీసేసింది.

రూలు మారితే ఎవరిది తప్పు?

అసలు చిక్కు 2003 అక్టోబరులో వచ్చింది. ఆ నెల విడుదలైన 1.10 ప్యాచ్‌లో 'సినర్జీ' అనే కొత్త పద్ధతి తెచ్చారు. కింది స్థాయి విద్యలో పెట్టిన పాయింట్లు పై స్థాయి విద్యకు బలం ఇస్తాయి. ఉదాహరణకు మాంత్రికురాలి నిప్పు విద్యల్లో ఫైర్ బోల్ట్ మొట్టమొదటిది. దాని తర్వాత వచ్చే ఫైర్ బాల్‌ను అందుకోవడానికి గడప దాటినట్టు దానిలో ఒక్క పాయింటు పెట్టి వదిలేసేవారు. పాత లెక్కల ప్రకారం అదే తెలివైన పని. కొత్త ప్యాచ్ తర్వాత ఫైర్ బోల్ట్‌ను 20 పాయింట్ల దాకా నింపినవాళ్ళ ఫైర్ బాల్ ఎన్నో రెట్లు బలమైంది. పాత ఆటగాడి పాయింట్లు మాత్రం పెట్టినచోటే ఉండిపోయాయి.

ఇక్కడ ఆటగాడు తప్పు చేయలేదు. అప్పటి నియమాల ప్రకారం సరిగ్గానే ఆడాడు. మారింది నియమం. మన రంగంలోనూ ఈ అనుభవం చాలామందికి ఉంది. వై2కె రోజుల్లో కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కినవాళ్ళు 2000 తర్వాత జావా వైపో, టెస్టింగ్ వైపో మళ్ళారు. వాళ్ళు నేర్చుకున్నదాంట్లో లోపమేమీ లేదు, బజారు మారింది. బజారును ఎవరూ నిలదీయలేరు. కానీ ఆటలో నియమాలు రాసేది ఒక కంపెనీ. మార్చేదీ ఆ కంపెనీయే. అలాంటప్పుడు ఆ నష్టాన్ని ఆటగాడి నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

డయాబ్లో 2లో రీస్పెక్ రావడానికి 2010 మార్చి దాకా పట్టింది. 1.13 ప్యాచ్‌లో, ఆటలోని మొదటి పని పూర్తి చేసినవాళ్ళకి ఒకసారి పాయింట్లన్నీ తిరిగి పంచుకునే అవకాశం ఇచ్చారు. మూడు కాఠిన్య స్థాయిలకీ కలిపి మూడు సార్లు. ఇంకా కావాలంటే చివరి స్థాయిలోని పెద్ద శత్రువులను ఓడించి నాలుగు అరుదైన వస్తువులు సంపాదించుకోవాలి.

పూర్తిగా ఉచితమైతే?

2012లో వచ్చిన డయాబ్లో 3 రెండో కొసకు వెళ్ళింది. అందులో విద్యలు ఎప్పుడు కావాలంటే అప్పుడు, పైసా ఖర్చు లేకుండా మార్చుకోవచ్చు. ప్రయోగాలకు అడ్డు తొలగింది. అయితే ఒకే లెవెల్‌లో ఉన్న ఇద్దరు మాంత్రికుల మధ్య తేడా ఒంటి మీదున్న సామగ్రి ఒక్కటే. ఇంకో రకం మాంత్రికుణ్ణి పెంచాల్సిన అవసరమే లేదు. 'ఇది నా పాత్ర, నేను ఇలా తీర్చిదిద్దుకున్నాను' అన్న మమకారం పలచబడింది.

మధ్యేమార్గంగా ధర పెట్టినవాళ్ళున్నారు. 2004లో మొదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మొదటిసారి మార్చుకోవడానికి 1 బంగారు నాణెం, తర్వాత 5, ఆపైన 10, అలా పెరిగి 50 దగ్గర ఆగేది. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఆ ధర పడింది ఎవరి మీద? రాత్రి 40 మందితో కలిసి వెళ్ళే దండయాత్రలో అందరికీ వైద్యం చేసే ప్రీస్ట్, మర్నాడు ఒంటరిగా ఆడుకోవాలంటే పోరాట విద్యలకు మారాలి, సాయంత్రానికి మళ్ళీ వెనక్కి రావాలి. జట్టుకు సాయపడేవాడికే జరిమానా పడింది. 2009 ఏప్రిల్‌లో 1000 నాణేలు ఒక్కసారి కడితే రెండు రకాల విద్యలు దగ్గర పెట్టుకునే వీలు కల్పించి ఈ చిక్కు విప్పారు.

2023లో వచ్చిన బల్దూర్స్ గేట్ 3 ఇంకో మార్గం చూపింది. అక్కడ 100 నాణేలిస్తే పాత్ర విద్యలే కాదు, వృత్తే మార్చుకోవచ్చు. అయినా పాత్ర మీద మమకారం పోదు. ఎవరిని కాపాడాం, ఎవరికి మాట ఇచ్చి తప్పాం అన్నవి రీస్పెక్‌తో చెరిగిపోవు. బరువును అంకెల మీద నుంచి తీసి చేసిన పనుల మీద పెట్టారు.

ప్రోగ్రామర్లకు పనికొచ్చే మాట

రీస్పెక్ ఇవ్వాలా వద్దా అని తేల్చుకోక ముందే, ఇవ్వగలిగేలా కోడ్ రాసుకోవడం మంచిది. పాయింటు పెట్టగానే బలం అనే అంకెకు నేరుగా కలిపేసి భద్రపరిస్తే, రేపు దాన్ని విడదీయడం నరకం. దానికి బదులు సంపాదించిన పాయింట్లు ఎన్ని, వేటి మీద పెట్టారు, ఏ వెర్షన్ నియమాల కింద పెట్టారు అన్న మూడింటినీ విడిగా దాచండి. బలాన్ని ఎప్పటికప్పుడు వాటి నుంచి లెక్కకట్టండి. అప్పుడు రీస్పెక్ అంటే కొన్ని వరుసలు తీసేయడమే. నియమాల వెర్షన్ మారినప్పుడు ఎవరికి ఉచితంగా ఇవ్వాలో కూడా ఒక్క క్వెరీతో తెలుస్తుంది.

పాయింట్లు తీసేటప్పుడు వాటి మీద ఆధారపడినవాటినీ చూసుకోవాలి. 2013లో వచ్చిన పాత్ ఆఫ్ ఎక్సైల్‌లో వెయ్యికి పైగా విద్యలు వలలా అల్లుకుని ఉంటాయి. మధ్యలోది తీసేస్తే అవతలివి తెగిపోయే పక్షంలో ఆట ఒప్పుకోదు. కాలేజీలో చదువుకున్న గ్రాఫ్ కనెక్టివిటీ ఇదే.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. 'రీస్పెక్ ఉండాలా?' అని ఒక్క మాటలో అడిగితే జవాబు దొరకదు. ఎంపికలు మూడు రకాలు. తెలియక చేసినవి, తెలిసి చేసినవి, రూలు మారడం వల్ల తప్పుగా తేలినవి. మొదటి రకానికి ఆట తొలి గంటల్లో ఉచితంగా ఇవ్వాలి, అది నేర్చుకునే వయసు. రెండో రకానికి ధర ఉండాలి, లేకపోతే ఎంపికకు రుచి ఉండదు. ఆ ధర ఒక సాయంత్రం ఆడి సంపాదించుకోగలిగేదై ఉంటే చాలు, నెల రోజుల జరిమానా కాకూడదు. మూడో రకానికి కంపెనీ అడిగించుకోకుండానే తిరిగి ఇవ్వాలి.

పిల్లలు నిద్రపోయాక రాత్రి ఒక గంట ఆడుకునేవాడికి వంద గంటలంటే మూడు నెలల పైమాటే. అతను ఆటలో ఖర్చు పెడుతున్నది పాయింట్లు కావు, ఆ రాత్రులు. నియమాలు రాసేవాళ్ళు లెక్క మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.