సెలవుల్లో చెల్లికి కథ చెబుదాం

 

దసరా సెలవులకి ఇంటికి వెళ్తే మనం మేకలు కాస్తాం, కట్టెలు తెస్తాం. ఈసారి నేను ఇంకో పని కూడా చేశాను. మా చెల్లికి ఐదేళ్ళు. వచ్చే జూన్‌లో ఒకటవ తరగతిలో చేరుతుంది. దానికి కథ వినిపిద్దామని నా తెలుగు వాచకం తీశాను. రెండు వాక్యాలు చదివేసరికి లేచి మేకపిల్ల దగ్గరికి పోయింది. నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే తప్పు దానిది కాదు. మా ఇంట్లో సవర మాట్లాడతాం, దానికి తెలుగు రాదు. ఒకటవ తరగతిలో నేనూ అంతే. మాష్టారు ఏమంటున్నారో తెలియక పలక వెనకాల ముఖం దాచుకొనేవాణ్ణి.

ఆ రాత్రి పొయ్యి దగ్గర నాయనమ్మ పులి, ఎండ్రకాయ కథ సవరలో చెప్పింది. చెల్లి కదల్లేదు. మర్నాడు ఆ కథనే సవర మాటల్లో, తెలుగు అక్షరాలతో నోటుబుక్కులో రాసి బొమ్మలు వేశాను. వేలు పెట్టి చదివాను. "నాయనమ్మ కథ కాగితంలోకి ఎలా వచ్చింది?" అని అడిగింది. నాలుగోసారి చదివేటప్పుడు పులి అనే మాట ఎక్కడుందో తనే చూపించింది!

ఇది నేను కనిపెట్టింది కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు (1863-1940) పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకొన్నారు. సవర పిల్లలకు సవరలోనే పుస్తకాలు రాసి, బడులు పెట్టి చదువు చెప్పించారు.

కాబట్టి మనం చేయవలసినవి:

1. కథ ముందు ఇంటి భాషలో చెప్పాలి. తర్వాత అదే కథ తెలుగులో చెప్పాలి.
2. రోజూ ఒకే వేళకి, కొంచెంసేపు చాలు.
3. మధ్యలో ఆపి "తర్వాత ఏమైంది?" అని అడగాలి.
4. అదే కథ మళ్ళీ అడిగితే విసుక్కోరాదు. తెలిసిన కథలోనే అక్షరం తొందరగా గుర్తుపడతారు.
5. తప్పు చెబితే నవ్వరాదు, కొట్టరాదు.

మా అమ్మకి చదవడం రాదు. అయినా బొమ్మ చూసి నాకంటే బాగా కథ చెబుతుంది. అమ్మానాన్నలకి చదువు లేదని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు.

వార్డెన్ గారికి ఒక విన్నపం. బీరువాలో ఉన్న బొమ్మల కథల పుస్తకాలు సంక్రాంతి సెలవులకి తలా ఒకటి ఇప్పించండి. పేరు రాసి సంతకం పెడతాం, చిరగకుండా తెస్తాం.

జూన్‌లో మా చెల్లి పలక వెనకాల ముఖం దాచుకోకూడదు. అదే నా కోరిక.

ఇట్లు,
8వ తరగతి విద్యార్థి