లాటరీ సంఖ్యలకు గతము కలదా?

ఖాతాదారుడు మూడేండ్లు బాకీ సకాలమున చెల్లించినచో, నాలుగవ ఏట అతనికి సరకు అరువిచ్చుటకు మనము జంకము. గతమును చూచి రాబోవుదానిని ఊహించుట వ్యాపారి కలవాటు. ఈ మంచి అలవాటే లాటరీ యొద్ద మనలను మోసగించును. వెనుకటి డ్రాల అంకెలను పుస్తకములో వ్రాసికొని, "ఈ సంఖ్య చాలకాలముగా రాలేదు, ఇక రాక తప్పదు" అని సొమ్ము ఒడ్డువారు కలరు. ఈ లెక్క ఎంతవరకు నిజమో విచారింతము.

ఇటలీ దేశపు లాటరీలో ఒక్కొక్క నగరము పేర 90 సంఖ్యలలో నుండి 5 తీయుదురు. వెనిస్ నగరపు డ్రాలో 53 అను సంఖ్య 2003 మే నెల తరువాత సుమారు 180 మారులు రాలేదు. రాని కొలది జనులు దానిపై మరింత ఒడ్డిరి. ఎన్నో కుటుంబములు అప్పులపాలయినవి. తుదకు 2005 ఫిబ్రవరి 9న ఆ సంఖ్య వచ్చినది. పోయిన ఇండ్లు మాత్రము తిరిగి రాలేదు.

వారి పొరపాటేమి? ప్రతి డ్రాకును 90 సంఖ్యలును మరల పాత్రలో చేరును. కావున 53 వచ్చు అవకాశము మొదటి దినమున 18లో ఒకటి. 180 మారులు రాకపోయిన పిమ్మటను 18లో ఒకటియే. జ్ఞానము జీవలక్షణమని మన శాస్త్రము. పాత్రలోని గోళి అజీవము. తాను నిన్న రాలేదని దానికెట్లు తెలియును?

"కాలక్రమమున అన్నియు సమానమగును గదా" యందురు. నాణెము పది మారులు వరుసగా బొమ్మయే పడినదనుకొందము. తరువాత వేయి మారులు ఎగురవేసిన, సుమారు 500 బొమ్మలు పడును. మొత్తము 1010కి 510. పాలు సగమునకు దగ్గరయినది, కాని మొదటి పది బొమ్మలకు బదులుగా బొరుసు అదనముగా పడలేదు. అనగా వెనుకటి తేడా పూడలేదు, పలుచబడినది.

తొమ్మిదవ శతాబ్దిలో మన మహావీరాచార్యులు గణితసారసంగ్రహమున ఎంపికల సంఖ్య కనుగొను సూత్రము చెప్పిరి. పావులూరి మల్లన దానిని తెనుగు చేసెను. ఆ సూత్రము చొప్పున 90, 89, 88, 87, 86లను హెచ్చవేసి, 1 మొదలు 5 వరకు హెచ్చవేసిన లబ్ధముచే భాగించిన 4,39,49,268 వచ్చును. ఇన్ని కూర్పులలో దేనికిని మరొకదానికంటె ఎక్కువ అవకాశము లేదు.

కొందరు "పుణ్యోదయమయినచో తగులును" అందురు. పుణ్యము పాత డ్రాల పట్టికలో కానరాదు. సప్తవ్యసనములలో మొదట చెప్పబడినది జూదమే. అది ధనమునకంటె ముందు లోభకషాయమును పెంచును.

కావున పట్టిక వ్రాయువారికి ఒక సూచన. పాత అంకెలకు బదులు, ఒకవైపు టిక్కెట్లకు పోయిన సొమ్ము, మరొకవైపు వచ్చిన బహుమానము వ్రాసి, ఏడాదికొకమారు నికరము తీయుడు. వసూలయిన సొమ్ములో నిర్వాహకుల పాలు తీసివేసిన తరువాతనే బహుమతులు గావున, ఆడువారందరికి కలిపి మిగులునది నష్టమే. గతము నిజము చెప్పునది ఆ ఖాతాలోనే.