పెన్‌డ్రైవ్‌లో పట్టని పెద్ద ఫైళ్లకు చిట్కాలు

పెళ్లి వీడియో కానివ్వండి, స్కాన్ చేసిన ఇంటి కాగితాలు కానివ్వండి, పెద్ద ఫైలంటే ఎక్కడో ఓ చోట ఎక్కనని మొరాయిస్తుంది. సాఫ్ట్‌వేర్ కొనకముందు ఇవి చూడండి, అన్నీ నేను చేసి చూసినవే.

1. పెద్ద ఫైలును ముక్కలు చేసే సెవెన్‌జిప్ పూర్తిగా ఉచితం, దాని సొంత సైటు నుంచే దించుకోండి. ప్రకటనల్లో కనబడే 'ఫ్రీ స్ప్లిటర్' జోలికి పోతే వెంట ఏవేవో చెత్త ప్రోగ్రాములు దిగబడతాయి.

2. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, సెవెన్‌జిప్‌లో 'యాడ్ టు ఆర్కైవ్' నొక్కండి. కింద 'స్ప్లిట్ టు వాల్యూమ్స్' గడిలో ముక్క సైజు రాసి, అంకె పక్కన 'ఎమ్' అక్షరం తప్పకుండా పెట్టండి, లేకపోతే ఎంబీలు కాదు, బైట్లుగా లెక్కేస్తుంది.

3. పెన్‌డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉన్నా 'ఫైలు మరీ పెద్దది' అంటోందా? అది ఫ్యాట్32 పద్ధతిలో ఉందన్నమాట, 4 జీబీ దాటిన ఫైలు దానికి ఎక్కదు. ఆ గడిలోనే '4092ఎమ్ - ఫ్యాట్' అని సిద్ధంగా ఉంటుంది, ఎంచుకుంటే చాలు.

4. అసలు ముక్కలే వద్దనుకుంటే పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసుకోండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ముందే వేరేచోట దాచుకోండి. కొన్ని పాత టీవీలు మాత్రం ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు.

5. వీడియోకైతే 'కంప్రెషన్ లెవెల్' దగ్గర 'స్టోర్' పెట్టండి. వీడియో ఎలాగూ ఇంకా పెద్దగా చిక్కదు, బోలెడు టైము మిగులుతుంది.

6. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా 2 జీబీ దాకా వెళ్తుంది, 1900ఎమ్ ముక్కలు చేయండి. మామూలు వీడియోలా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది.

7. జీమెయిల్ హద్దు 25 ఎంబీ, కానీ మెయిల్లో వెళ్లేటప్పుడు ఫైలు ఉబ్బుతుంది. 18ఎమ్ పెట్టుకోండి. నాలుగైదు ముక్కలు దాటితే మాత్రం మెయిలు వద్దు, గూగుల్ డ్రైవ్ లింకు పంపడమే నయం.

8. అందుకున్నవాళ్లు ముక్కలన్నీ ఒకే ఫోల్డర్‌లో, పేర్లు మార్చకుండా పెట్టి, 001 అని ఉన్నదాన్ని మాత్రమే సెవెన్‌జిప్‌తో తెరవాలి. ఒక్కటి తప్పినా మిగతావి ఎందుకూ కొరగావు. అన్నీ వచ్చాయో లేదో లెక్కపెట్టమనండి.

9. కంప్యూటర్ లేనివాళ్లకు ముక్కలు కలపడానికి ఆండ్రాయిడ్ ఫోన్లో జెడ్‌ఆర్కైవర్ చాలు.

10. ఈ ముక్కలు కలపకుండా టీవీలో ఆడవు. విడివిడిగా చూసుకోవాలంటే లాస్‌లెస్‌కట్‌తో తలంబ్రాలు ఒకటి, రిసెప్షన్ ఒకటి అని కోసుకోండి. ఇదీ ఉచితమే, క్వాలిటీ తగ్గదు.

11. పీడీఎఫ్‌ను పేజీల వారీగా విడదీయడానికి పీడీఎఫ్‌శామ్ బేసిక్ ఉంది. ఆధార్, బ్యాంకు కాగితాలను ఊరూపేరూ లేని సైట్లలో మాత్రం ఎక్కించకండి.

12. కలపడానికి ముక్కలకూ పూర్తి ఫైలుకూ కలిపి చోటు కావాలి, అంటే దాదాపు రెట్టింపు. అవతలివాళ్లు కలుపుకుని, ఆడించి చూసి, బాగుందని చెప్పేదాకా మీ దగ్గరున్న అసలు ఫైలు చెరపకండి.