బాణీ ఎక్కడుంది?



ఆదివారం పూజకు వచ్చేటప్పుడు మీ చేతిలో పాటల పుస్తకం ఉంటుంది కదా. ఒకసారి తెరచి చూడండి. మాటలున్నాయి, పాట నెంబరుంది. బాణీ ఎక్కడుంది? పాడేవాళ్ల గొంతులో ఉంది. ఆ గొంతు ఆగిపోతే?

ఈ ప్రశ్నకు మన మదనపల్లెలోనే ఒక జవాబుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడి బిసెంట్ థియోసాఫికల్ కళాశాలకు వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఐర్లండు దేశస్థుడు, ఆంగ్లంలో కవిత్వం రాసినవారు. ఆయన భార్య మార్గరెట్ ఆ దేశంలోనే సంగీతంలో పట్టా పుచ్చుకున్న విదుషి. అక్కడ ఠాగూరు తమ 'జన గణ మన' పాడి వినిపించారు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో మొదట పాడిన బెంగాలీ పాట అది. విద్యార్థులు గొంతు కలిపారు. ఆయన పాడగా విని మార్గరెట్ గారు ఆ బాణీని పాశ్చాత్య స్వరలిపిలో రాసిపెట్టారు. ఫిబ్రవరి 28న ఠాగూరు తన చేతితోనే ఆ పాటను ఆంగ్లంలోకి మార్చి, భారతదేశపు ఉదయగీతమని పేరు పెట్టారు. 1950 జనవరి 24న మన జాతీయగీతంగా స్వీకరించింది ఆ పాట మొదటి చరణాన్నే.

పట్టా ఉన్న విదుషి కదా, తలచుకుంటే తన సొంత బాణీ కట్టి ఉండవచ్చు. కట్టలేదు, విన్నారు. నాకు గొప్పగా కనిపించేది అదే.

ఠాగూరు ఆంగ్ల కవితలకు ఇతర దేశాల్లో చాలామంది సంగీతం కట్టారు. 'గీతాంజలి' ఆంగ్లంలో 1912లో వస్తే, మరుసటి ఏడే అమెరికాలో జాన్ ఆల్డెన్ కార్పెంటర్ అందులోని గీతాలకు స్వరాలు కూర్చారు. ఇంగ్లండులో ఫ్రాంక్ బ్రిడ్జ్ కూడా ఠాగూరు కవితలకు సంగీతం కట్టారు. వియన్నా నగరానికి చెందిన జెమ్లిన్‌స్కీ 'తోటమాలి' నుండి ఏడు కవితలను జర్మనులో తీసుకొని, ఇద్దరు గాయకులతో, పెద్ద వాద్యబృందంతో నడిచే 'లిరిక్ సింఫనీ' రచించారు. అది 1924లో ప్రాగ్ నగరంలో వినిపించింది. వారిని తప్పు పట్టను. గీతాంజలిలోని పలు గీతాలకు బెంగాలీలో ఠాగూరు బాణీలే ఉన్నా, ఆంగ్ల పుస్తకంలో అచ్చయినవి మాటలే. మన పాటల పుస్తకం లాగే! బాణీ లేని మాటలకు ఎవరికి తోచిన బాణీ వారు కట్టుకోక ఏం చేస్తారు?

గురువిద్యాలయంలో అరిస్టాటిల్ పాఠంలో పదార్థం, రూపం అని రెండు మాటలు వల్లె వేయించేవారు. అప్పుడు పరీక్షకోసం చదివాను. పాట విషయంలో అవి అర్థమైంది చాలా ఏళ్ల తర్వాత, పుంగనూరు వైపు పల్లెల్లో. అక్కడ ఒక ముసలి ఉపదేశిగారు సంధ్య ప్రార్థన తర్వాత పాత పాటలు పాడేవారు. మాటలన్నీ నోటుబుక్కులో రాసుకున్నారు. ఈసారి వచ్చినప్పుడు టేపులో ఎక్కిద్దాం అనుకుంటూ నేను రెండేళ్లు గడిపేశాను. ఆయన పోయారు. వాళ్లమ్మాయి నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇవి ఎట్లా పాడాలి ఫాదర్?" అని అడిగింది. చెప్పలేకపోయాను.

కుప్పం వైపు తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో వినిపిస్తాయి. అక్కడ ఒక బామ్మ ఆ పాటల్లో ఒకదాన్ని తమిళ మాటలతో పాడగా విన్నాను. తెలుగు మాటలు అందులో అచ్చంగా ఇమిడిపోయాయి. ఈసారి ఆలస్యం చేయలేదు. మా గాయక బృందంలో హార్మోనియం వాయించే అబ్బాయి అక్కడే కూర్చుని స్వరాలు రాసుకున్నాడు, ఫోనులోనూ ఎక్కించాడు.

నోటుబుక్కులో పదకొండు పాటలున్నాయి. నాలుగింటికి బాణీ దొరికింది. మీ ఇంట్లో అవ్వ, తాత ఎవరైనా పాత పాటలు పాడుతుంటే ఈ వారమే కబురు పెట్టండి. హార్మోనియం అబ్బాయిని వెంటబెట్టుకొని నేనే వస్తాను.