చీజా, డార్క్ చాక్లెట్టా? – పెద్దమ్మ ఉత్తరం

కామవరపుకోట

చి. సౌజన్యను పెద్దమ్మ దీవించి రాయునది.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. సాయంత్రం ఐదయ్యేసరికి ఆఫీసులో కడుపు నకనకలాడుతోందనీ, చీజ్ తింటే మంచిదా, డార్క్ చాక్లెట్ తింటే మంచిదా అనీ అడిగావు. మాటల్లో మాటగా హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నరే వచ్చిందనీ, దానికి డార్క్ చాక్లెట్ తింటే చాలని ఎవరో చెప్పారనీ అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచీ నా మనసు కుదురుగా లేదు. ఈ ఉత్తరం అసలు దాని గురించే.

ముందు మామూలు లెక్క చూద్దాం. రెండూ 30 గ్రాముల చొప్పున తీసుకో. చెడ్డార్ చీజ్‌లో సుమారు 120 కేలరీలు, 7 గ్రాముల ప్రోటీన్, 10 గ్రాముల కొవ్వు, 200 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటాయి. చక్కెర దాదాపు ఉండదు. 70 శాతం పైన కోకో ఉన్న డార్క్ చాక్లెట్‌లో 180 కేలరీలు, 2 గ్రాముల పైన ప్రోటీన్, 13 గ్రాముల కొవ్వు, 7 గ్రాముల చక్కెర, 3 గ్రాముల పీచు ఉంటాయి. కాల్షియం 20 మిల్లీగ్రాముల దగ్గరే ఆగుతుంది కానీ మెగ్నీషియం 70కి దగ్గరగా, ఐరన్ మూడున్నర మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. రాగి కూడా బాగానే ఉంటుంది.

ఈ అంకెలు చూస్తే ఒకటి అర్థమవుతుంది. చీజ్ అంటే చిక్కబడ్డ పాలు. కిలో చెడ్డార్ తయారవడానికి పది లీటర్ల దాకా పాలు పోయాలి. అందుకే 30 గ్రాముల ముక్క ఒక గ్లాసు పాలకు సరిసమానమైన ప్రోటీన్, కాల్షియం ఇస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటోంది. అందులో ఐదో వంతు ఆ ఒక్క ముక్కతోనే వచ్చేస్తుంది. నువ్వు గుడ్డు కూడా ముట్టవు కాబట్టి బి12 కోసం పాలూ, పెరుగూ, చీజే నీకు దిక్కు. పాలు తాగితే కడుపుబ్బరం అంటావు కదా, మాగబెట్టిన చెడ్డార్‌తో ఆ బాధ తక్కువ. పాలలోని చక్కెర చాలావరకు విరుగుడు నీళ్లతోనే పోతుంది, మిగిలిన కాస్తా మాగేటప్పుడు పులిసిపోతుంది.

చీజ్‌తో చిక్కల్లా ఉప్పు. చెడ్డార్‌లోనే 30 గ్రాములకు 190 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. మనకు దుకాణాల్లో ఎక్కువగా దొరికే ప్రాసెస్డ్ స్లైసుల్లో, క్యూబుల్లో అంతకంటే బాగా ఎక్కువ. మొత్తం ఉప్పు రోజుకు 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ, అప్పడాలు, చారు తినే మన ఇళ్లల్లో అది ఎప్పుడో దాటిపోతుంది. అందుకని చీజ్ తిన్న రోజు రాత్రి ఊరగాయ జోలికి పోకు.

ఇక చాక్లెట్. కోకో గింజను నువ్వూ నోట్లో పెట్టుకున్నదానివే. మన కొబ్బరి తోటలో కోకో కాయ పగలగొడితే గింజల చుట్టూ తెల్లటి గుజ్జు, పుల్లపుల్లగా, తియ్యతియ్యగా ఉంటుంది. పిల్లలంతా అది చప్పరించి గింజ ఉమ్మేస్తారు. పొరపాటున కొరికితే లోపల ఊదారంగు పప్పు నాలుక పట్టేసేంత వగరు. ఆ వగరంతా పాలీఫెనాల్స్. రక్తనాళాలకు మేలు చేసే ఫ్లేవనాల్స్ అనేవి వాటిలోవే. గింజలు ఐదారు రోజులు పులిసి, ఎండి, వేగి, చాక్లెట్ అయ్యేసరికి వాటిలో చాలా భాగం తగ్గిపోతుంది. క్షారంతో శుద్ధి చేసిన కోకో పొడిలో మరీ తక్కువ. అమెరికాలో ఇరవై వేల మందికి పైగా పెద్ద వయసు వాళ్ల మీద జరిగి, 2022లో ఫలితాలు వెలువడిన కాస్మోస్ అధ్యయనంలో గుండె జబ్బుల మరణాలు తగ్గినట్టు కనబడినా, గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూస్తే తగ్గుదల కచ్చితంగా తేలలేదు. పైగా వాళ్లకిచ్చింది చాక్లెట్ కాదు, రోజుకు 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఉన్న మాత్రలు. అంత ఫ్లేవనాల్ కోసం చాక్లెట్ తింటే దాంతోపాటు ఎంత చక్కెర, ఎంత కొవ్వు ఒంట్లోకి పోతాయో ఆలోచించు.

ఇప్పుడు నీ ఐరన్ సంగతి. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. అదంతా చాక్లెట్‌తోనే తెచ్చుకోవాలంటే రోజూ పావు కిలో తినాలి. అంటే దాదాపు 1500 కేలరీలు, 60 గ్రాముల చక్కెర! పోనీ తిన్నా, ఆ వగరు పదార్థాలే పేగుల్లో ఐరన్‌ను పట్టేసి, ఒంటికి సరిగా అందనివ్వవు. కాగితం మీద కనిపించే ఐరన్ వేరు, రక్తంలో చేరే ఐరన్ వేరు. చీజ్‌లో అయితే ఐరన్ లేనట్టే, పైగా అందులోని కాల్షియం కూడా ఐరన్‌కు అడ్డమే. కాబట్టి నీ రక్తహీనతకు ఈ రెండూ మందు కావు తల్లీ.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందికి ఉంది కదా అని మామూలు విషయంగా తీసుకోకు. ఆడవాళ్లకు 12 ఉండాల్సిన చోట నీకు తొమ్మిదిన్నర ఉంది. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం అన్నావే, పనెక్కువై కాదు, ఇందువల్లే కావచ్చు. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లు. నెలసరి ఎక్కువగా అవుతుంటే సిగ్గుపడకుండా చెప్పు. బి12 పరీక్ష కూడా చేయించమని అడుగు. ఐరన్ మాత్ర రాస్తే నిమ్మరసంతోనో, జామకాయ తినో వేసుకో. దానికి రెండు గంటలు అటూ ఇటూ టీ, కాఫీ, చీజ్, చాక్లెట్ ఏవీ వద్దు.

ఇక సాయంత్రం ఆకలికి నా మాట ఇది. రెండింట్లో ఒకటి అంటే చీజే తిను. ప్రోటీన్ ఉంది కాబట్టి రాత్రి భోజనం దాకా నిలబెడుతుంది. 20 గ్రాములు చాలు, దాంతో ఒక కీరానో టమాటానో కోసుకో. రోజూ చీజ్ కొనక్కర్లేదు. వేయించిన శనగలు, పల్లీలు, ఒక కప్పు పెరుగు ఆ పని చక్కగా చేస్తాయి. చాక్లెట్ నీకిష్టం కాబట్టి మానమనను. మధ్యాహ్నం భోజనమయ్యాక రెండు చిన్న ముక్కలు, వారంలో మూడు నాలుగు రోజులు నోటికి హాయిగా తిను. పోషణ పేరు చెప్పి మాత్రం పెంచకు. కోకో మొక్క నేలలోని కాడ్మియాన్ని పీల్చుకుంటుంది. అందుకే 2019 నుంచి యూరప్ దేశాలు చాక్లెట్‌లో దానికి పరిమితి పెట్టాయి. ఎప్పుడూ ఒకే రకం కొనకుండా మార్చి మార్చి కొనడం మంచిది.

కొనేటప్పుడు పొట్లం వెనక చదువు. ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాస్తారు. చాక్లెట్‌లో మొదటి పేరు చక్కెరైతే వెనక్కి పెట్టెయ్. కోకో వెన్న బదులు హైడ్రోజినేటెడ్ కొవ్వు ఉన్న కాంపౌండ్ రకమూ వద్దు. చీజ్‌లో వెజిటబుల్ ఆయిల్ అని కనిపిస్తే అది అసలు చీజే కాదు.

ఇంకెప్పుడైనా రెండు పదార్థాల్లో ఏది గొప్పదని ఎవరైనా అంటే, ముందు నా ఒంటికి ఏది తక్కువైంది అని నిన్ను నువ్వే అడుగు. ఆ జవాబు నీ రక్తపరీక్ష కాగితంలో ఉంది. మాత్రలు మొదలుపెట్టిన రోజు ఫోన్ చెయ్. మళ్లీ పరీక్ష ఎప్పుడు చేయించాలో డాక్టరును అడిగి, ఆ తేదీ నాకూ చెప్పు. నేను గుర్తుపెట్టుకుని అడుగుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ