అత్యాచార దోషికి దండనము – సమాజధర్మము

ఘోరమైన అత్యాచారమొకటి వెలుగులోనికి వచ్చినప్పుడెల్ల ఊరూర ఒకే మాట వినవచ్చును. ఉరి తీయవలెననియు, కాల్చివేయవలెననియు, నడివీధిలో శిక్షింపవలెననియు జనులు కేకలు వేయుదురు. ఈ ఆగ్రహము సహజము. అన్యాయమును చూచి చలింపని హృదయము మానవహృదయము కానేరదు. కాని కొన్నాళ్ళకు ఆగ్రహము చల్లారును. వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగును. బాధితురాలు ఒంటరిగా మిగులును. కావున దోషిని సమాజము ఏ విధమున దండింపవలెనను ప్రశ్నను శాంతచిత్తముతో విచారించుట అవసరము.

1. దండనము దేనికొరకు?

దండనమునకు నాలుగు ప్రయోజనములు చెప్పబడుచున్నవి. దోషి తన కర్మకు తగిన ఫలము ననుభవించుట మొదటిది. ఇతరులకు భయము కలుగుట రెండవది. దోషి మరల అట్టి పని చేయకుండ కట్టడి చేయుట మూడవది. అతని బుద్ధి మారుట నాలుగవది. అత్యాచారము విషయమున వీనికి అయిదవదానిని చేర్చవలసియున్నది: తప్పు చేసినవాడెవడో, నిర్దోషి ఎవరో సమాజము నిస్సంశయముగ ప్రకటించుట. ఇతర నేరములలో సొమ్ము పోగొట్టుకొన్నవానిని ఎవరును నిందింపరు. ఈ నేరములో మాత్రము అవమానభారము నేరస్థుని విడిచి బాధితురాలిపై పడుచున్నది. ఆ భారమును దాని అసలు స్థానమునకు మరల్పని దండనము సగము దండనమే.

ఇటలీ దేశీయుడైన బెకారియా 1764లో నేరములను, శిక్షలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. శిక్ష ఎంత క్రూరమైనదను దానికంటె, అది తప్పక పడునను నిశ్చయమే నేరమును ఎక్కువగ అరికట్టునని అందు ప్రతిపాదించెను. మన దేశచరిత్ర ఆ మాటకు సాక్ష్యము పలుకుచున్నది.

2. మన చట్టము నడచిన దారి

1860 నాటి భారత శిక్షాస్మృతిలోనే ఈ నేరమునకు పది సంవత్సరముల వరకు గాని, యావజ్జీవము గాని శిక్ష విధింపవచ్చునని యుండెను. శిక్ష తక్కువై నేరము నిలిచినదనుటకు వీలులేదు. శిక్ష పడకపోవుటయే ఎక్కువగ జరిగెను.

1972లో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీసు ఠాణాలో ఒక ఆదివాసీ బాలికపై అత్యాచారము జరిగినదని ఇరువురు పోలీసులపై అభియోగము వచ్చెను. సెషన్సు న్యాయస్థానము వారిని విడుదల చేయగా, హైకోర్టు శిక్షించెను. 1978లో సుప్రీంకోర్టు తిరిగి విడుదల చేసెను. బాలిక ఒంటిపై గాయములు లేకపోవుట సమ్మతికి గుర్తుగ గ్రహింపబడెను. 1979లో నలుగురు న్యాయశాస్త్రాచార్యులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. దేశమంతట మహిళలు ఉద్యమించిరి. తెలుగునాట కూడ 1978లో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక స్త్రీపై అత్యాచారము, ఆమె భర్త మరణము పెద్ద అలజడికి కారణమయ్యెను. జస్టిస్ ముక్తదర్ విచారణసంఘము పోలీసులను దోషులుగ పేర్కొన్నను, కర్ణాటకకు బదిలీ అయిన వ్యాజ్యములో నిందితులు విడుదలైరి.

ఈ వేదనలనుండియే 1983 సవరణ పుట్టినది. కనీస శిక్ష ఏడు సంవత్సరములుగను, పోలీసు నిర్బంధములో జరిగిన అత్యాచారమునకు పది సంవత్సరములుగను నిర్ణయింపబడెను. అట్టి నిర్బంధ వ్యాజ్యములలో తాను సమ్మతింపలేదని స్త్రీ చెప్పినచో న్యాయస్థానము అట్లే భావింపవలెననియు, బాధితురాలి పేరు బయటపెట్టుట నేరమనియు చేర్చబడెను. బాలబాలికల రక్షణకు 2012లో పోక్సో చట్టము వచ్చెను. అదే సంవత్సరము డిసెంబరు 16న ఢిల్లీలో జరిగిన దారుణము పిమ్మట 2013లో చట్టము మరింత కఠినమయ్యెను. 2018లో కనీస శిక్ష పది సంవత్సరములకు పెరిగెను. పన్నెండేండ్లలోపు బాలికల విషయమున మరణశిక్షకును వీలు కల్పింపబడెను. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత ఈ కాఠిన్యమును నిలుపుకొని, పదునెనిమిదేండ్లలోపు బాలికపై సామూహిక అత్యాచారమునకును మరణశిక్షను చేర్చినది.

3. కాఠిన్యమొక్కటే చాలునా?

జాతీయ నేరనమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022లో దేశమున సుమారు 31,500 అత్యాచార నేరములు నమోదయ్యెను. ఆ సంవత్సరము విచారణ ముగిసిన వ్యాజ్యములలో నేరము రుజువైనవి నూటికి ఇరువది యెనిమిదింటికి మించలేదు. నమోదుకాని నేరములు ఈ లెక్కలోనికి రానేరావు. నాలుగింట దాదాపు మూడు వ్యాజ్యములలో నేరము రుజువుకానప్పుడు, పుస్తకములోని శిక్షను ఎంత పెంచినను నేరస్థునికి భయమేల కలుగును?

మరియొక సంగతి గమనింపదగినది. ఈ నేరములలో అత్యధిక భాగము బాధితురాలికి తెలిసినవారు చేసినవే: బంధువులు, ఇరుగుపొరుగువారు, పనియిచ్చినవారు, నమ్మించినవారు. మేనమామయో, పినతండ్రియో దోషియైనప్పుడు ఉరిశిక్ష పడునని తెలిసిన కుటుంబము బిడ్డ నోరు మూయించుటకే మొగ్గు చూపును. అత్యాచారమునకును హత్యకును ఒకే శిక్షయైనచో, సాక్షి మిగులకుండుటయే మేలని దుర్మార్గుడు తలచుటకును అవకాశమున్నది. ఢిల్లీ ఘటన పిమ్మట ఏర్పడిన జస్టిస్ జె. ఎస్. వర్మ సంఘము ఇరువదితొమ్మిది దినములలో నివేదిక సమర్పించి, అత్యాచారమునకు మరణశిక్షను సిఫారసు చేయలేదు. అతి ఘోరమైన నేరములకు దోషి జీవితాంతము కారాగారములోనే యుండు శిక్షను సూచించెను. మందులతో పుంసత్వమును హరించు శిక్షను కూడ నిరాకరించెను. స్త్రీపై అధికారము చూపవలెనను అహంకారము ఈ నేరమునకు మూలముగ నుండగా, దేహమునకు చేయు చికిత్స దానిని మాన్పజాలదు.

4. విచారణలేని వధ

2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు సమీపమున ఒక పశువైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గురియయ్యెను. డిసెంబరు 6 వేకువజామున, పోలీసు నిర్బంధములో నున్న నలుగురు నిందితులు చటాన్‌పల్లి వద్ద కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. న్యాయము జరిగినదని సంతోషించిరి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో వెల్లడియయ్యెను. పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదనియు, చంపవలెనను ఉద్దేశముతోనే కాల్పులు జరిగెననియు, మరణించినవారిలో ముగ్గురు మైనర్లనియు కమిషన్ అభిప్రాయపడెను.

ఇట ఒక ప్రశ్న తప్పదు. వారే దోషులని నిర్ణయించినదెవరు? విచారణ జరుగలేదు, సాక్ష్యము పరీక్షింపబడలేదు. దేశాయిగంజ్‌లోను, నల్లకుంటలోను అభియోగము మోసినవారు పోలీసులే. అట్టి అధికారమునకు విచారణలేకయే ప్రాణము తీయు హక్కును ప్రజలే అప్పగించినచో, రేపు నిర్బంధములో చిక్కిన అబలకు దిక్కెవరు? విచారణ దోషియెడల చూపు దయ కాదు. నిజము తేలుటకు సమాజము తనకు తాను విధించుకొన్న నియమము.

5. రాజీయు, పూలదండయు

విచారణలేని వధ ఒక అంచు కాగా, దోషిని సులభముగ క్షమించుట మరియొక అంచు. గ్రామపెద్దలు కూర్చుండి ఇంత సొమ్ము ఇప్పించి వ్యవహారము ముగించుట, దోషికే బాధితురాలినిచ్చి పెండ్లిచేయుట నేటికిని వినబడుచున్నవి. దీనివలన ఒక దినపు హింస జీవితకాలపు హింసగ మారును. అత్యాచారము రాజీపడదగిన నేరము కాదనియు, రాజీ కారణముగ శిక్ష తగ్గింపరాదనియు 2013లో సుప్రీంకోర్టు స్పష్టపరచెను. బాధితురాలిచే రాఖీ కట్టించుకొనవలెనని నిందితునికి బెయిలు షరతు విధించిన ఉత్తర్వును 2021లో కొట్టివేసి, రాజీని గాని పెండ్లిని గాని న్యాయమూర్తులు సూచింపరాదని చెప్పెను.

2002 గుజరాత్ అల్లర్లలో సామూహిక అత్యాచారమునకు, హత్యలకు యావజ్జీవశిక్ష పడిన పదునొకండుగురు దోషులు 2022 ఆగస్టు 15న గడువు తీరకయే విడుదలైరి. వారికి మిఠాయిలు తినిపించి, దండలు వేసి స్వాగతము పలికినవారు గలరు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దుచేయగా, వారు తిరిగి కారాగారమునకు వెళ్ళిరి. చటాన్‌పల్లి వద్ద చల్లిన పూలకును, ఈ పూలదండలకును పైకి పోలిక లేదు. కాని రెండుచోట్లను న్యాయమునకు కొలత నేరము కాలేదు. ఆ మనుష్యులు ఎవరివారను భావమే కొలత యయ్యెను.

6. శిక్షాకాలమును, తరువాతికాలమును

దోషి తన కాలమును కారాగారములో గడుపవలసినదే. ధనమును పలుకుబడియు అతనిని ముందుగ బయటకు తీసికొనిరారాదు. ఆ కాలము వ్యర్థముగ పోరాదు. తాను చేసినది నేరమని అతడు గ్రహించునట్లు బోధ, పని అవసరము. విడుదలైన పిమ్మట కనిపెట్టియుండుటకై 2018లో లైంగికనేరస్థుల జాతీయ పట్టిక ఏర్పడినది. అది విచారణాధికారుల ఉపయోగమునకే పరిమితము. గుంపుల చేతికి ఈయబడలేదు. అది సముచితము. దోషి భార్యాబిడ్డలను ఊరినుండి వెలివేయుటయు ధర్మము కాదు. వారు నేరము చేయలేదు.

7. ప్రతి గృహము చేయదగినది

శిక్ష నిశ్చితమగుటకు మొదటిమెట్టు ఫిర్యాదు. నేరము ఏ ప్రాంతమున జరిగినను, ఏ ఠాణాలోనైనను నమోదు చేయింపవచ్చును. నమోదుకు నిరాకరించిన పోలీసు ఉద్యోగి శిక్షార్హుడు. ప్రభుత్వ, ప్రైవేటు వైద్యశాలలు బాధితులకు ఉచితముగ చికిత్స చేయవలెను. ఆలస్యమైనకొలది సాక్ష్యము నశించును. కావున మొదటి గంటలు అమూల్యములు. బాధితురాలి పేరు ప్రచురించుట నేరమైనట్లే, రచ్చబండపై ఆమె శీలమును చర్చించుట అధర్మము. బిడ్డ వచ్చి చెప్పినప్పుడు తల్లిదండ్రులు మొదట అడుగవలసినది నీవక్కడికి ఎందుకు పోతివని కాదు. భయపడకుము, తప్పు నీది కాదని చెప్పి దగ్గరకు తీసికొనవలెను.

దోషికి శిక్ష విధించునది న్యాయస్థానము. ఆ శిక్షకు దారి తెరచునది, మూయునది గృహము. కుమారునికి హద్దు నేర్పని గృహమును, కుమార్తె మాట నమ్మని గృహమును నడివీధిలో ఎన్ని ఉరికంబములు నాటినను రక్షింపజాలవు.

మననము చేయదగిన ప్రశ్నలు

1. శిక్షాకాఠిన్యమునకును, శిక్షానిశ్చయమునకును భేదమేమి?
2. విచారణలేని వధవలన బాధితులకు కలుగు హాని యెట్టిది?
3. మన ఊరిలో ఇట్టి నేరము జరిగినచో మొదటి దినమున మనము చేయవలసిన పనులేవి?